పనులను పంచి యిచ్చు యంత్రసాధనములు – వాని వివరణ పత్రములు

(వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



ఈ మహాసభలో మన యువజనుల వృత్తివిద్యను గూర్చి నాలుగు మాటలు విన్నవింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇంతటి పెద్దలు కొలువున్న సభలో మాటలాడుటకు మాకు గల యర్హత స్వల్పమే యైనను, ఆజ్ఞను త్రోసిపుచ్చుట మర్యాద గాదు గావున మీ యెదుట నిలిచితిమి. సావధానచిత్తులై యాలకింప వేడెదము.

మే మెన్నుకొన్న విషయము పేరు వినుటకు కొంత కఠినముగా నుండును. పెక్కు కృత్రిమ మేధా ఏజెంట్లకు పనులను పంచి యిచ్చు సాఫ్ట్‌వేరు సాధనములు నేడు వెలసినవి. ఆ సాధనములకు వివరణ పత్రములు వ్రాయు టెట్లు, వ్రాయకున్న వచ్చు చేటేమి యనునదియే నేటి ప్రసంగవిషయము. ఇది కంప్యూటరు పనివారి గొడవ, మనకేల యని కొందఱు తలంపవచ్చును. అట్లు తలంపరాదు. మన యిండ్లలో పెక్కింట హైదరాబాదుననో, బెంగుళూరుననో, సముద్రముల కావలనో సాఫ్ట్‌వేరు వృత్తిలో నున్న బిడ్డలు గలరు. వారి చేతిలోని పని వేగముగా రూపు మారుచున్నది. అంతియ గాదు. మన యర్జీలను ఇట్టి సాధనములచే చదివించు కార్యాలయము మనకు "కాదు" అని బదులు చెప్పిన నాడు, ఆ "కాదు" ఎవ్వరిదో తెలిసికొనుటకు ఆ పత్రములు తప్ప వేఱొక దారి యుండదు. పని పంచినవాడు ఏమి పంచెనో వ్రాసి యుంచనిచో ఆ పనికి బాధ్యుడే లేకపోవును. మేము చెప్పదలచిన దంతయు నీ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

ఏజెంటన నేమి?

ఏజెంటను మాట మనకు క్రొత్తది గాదు. జీవిత బీమా ఏజెంటును, మండీలోని కమీషను ఏజెంటును మన మెల్లర మెఱుగుదుము. ఒకరి పక్షమున, ఒకరిచ్చిన యధికారముతో పని నెఱవేర్చువాడు ఏజెంటు. కృత్రిమ మేధా ఏజెంటు కూడ నట్టిదే. మానవభాషను చదివి వ్రాయగల యొక కంప్యూటరు విధానమునకు లక్ష్యమును చూపి, ఫైళ్లు తెఱచుట, సమాచారము వెదకుట, లెక్క కట్టుట, లేఖ పంపుట మొదలగు కొన్ని యుపకరణములను చేతికిచ్చి, తరువాతి మెట్టు ఏదియో అదియే నిర్ణయించుకొనునట్లు విడిచినచో దానిని ఏజెంటందురు.

పని పెద్దదైనపుడు ఒక్క ఏజెంటు చాలదు. అప్పుడు పెక్కింటిని కూర్చి, వానిపై మేస్త్రి వంటి దాని నొకదానిని నిలుపుదురు. ఆ మేస్త్రి పనిని ముక్కలు చేసి పంచును. వచ్చిన ఫలితములను పోగుచేసి యజమానికి ఒప్పగించును. ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. ఇల్లు కట్టు మేస్త్రి "అటు గోడ లేపు" మన్నచో, పదియేండ్లు కలిసి పని చేసిన తాపీవాడు చెప్పని దానిని గూడ గ్రహించును. యంత్రపు పనివా డట్లు గాదు. దానికి సాధారణముగా ఆ పూట చేతికిచ్చిన వ్రాత తప్ప వేఱు లోకము లేదు. నిన్న జరిగిన దేమో యెవరైన వ్రాసి యిచ్చిననే గాని తెలియదు. నోటిమాట నీటిమూట యన్న మన సామెత యిచ్చట అక్షరాల సత్యము.

పూర్వవృత్తాంతము

ఈ యూహ నిన్న మొన్న పుట్టినది గాదు. 1970 దశకమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, మనుష్యుని మాటను విని గ్రహించు "హియర్‌సే-2" అను విధానము నిర్మింపబడెను. అందు ధ్వనుల నెఱిగిన భాగ మొకటి, పదముల నెఱిగిన భాగ మొకటి, వాక్యనిర్మాణము నెఱిగిన భాగ మొకటి యిట్లు వేర్వేఱు జ్ఞానభాగములు, నల్లబల్ల వంటి యొక యుమ్మడి స్థలమున తమ తమ యూహలను వ్రాయుచు, ఇతరములు వ్రాసిన వానిని చదువుచు పని సాగించెడివి. ఆ నిర్మాణమున ముఖ్యులలో నొకరు మన తెలుగువారే. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకము రాజ్ రెడ్డిగా నెఱిగిన వారు, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిసి ట్యూరింగ్ బహుమానము నందిరి. ఒక పల్లెటూరి బిడ్డ సాధించిన ఘనతగా మాత్రమే గాక, పనివారు పెక్కురైనపుడు అందఱు చూడగల వ్రాతబల్ల యుండవలెనను పాఠముగా గూడ దీనిని మనము స్మరింపదగును.

1980లో రీడ్ స్మిత్ గారు "కాంట్రాక్ట్ నెట్" అను పద్ధతిని ప్రకటించిరి. ఇది మన యింజనీరింగు శాఖవారు టెండరు పిలిచి పని గుత్తకిచ్చుటను పోలియుండును. పని గలది ప్రకటన చేయును. చేయగలవి తమ తమ పాటలను పంపును. తగినదానికి పని దక్కును. ఆ ప్రకటనలో పని యేది, అర్హత యేది, పాటలో తెలుపవలసిన దేమి, గడువెప్పుడు అను నాలుగంశము లుండవలెనని యాయన నాడే నిర్దేశించెను. నాలుగు దశాబ్దములు గడచినను ఈ నాలుగంశములు నేటికిని ఆవశ్యకములే.

భాషను వ్రాయగల విధానములు ప్రబలిన పిమ్మట 2023 మొదలు ఈ సాధనములు వరుసగా వెలువడినవి. మైక్రోసాఫ్ట్ వారి ఆటోజెన్‌లో ఏజెంట్లు తమలో తాము సంభాషించి పని సాగించును. క్రూ ఏఐ యను దానిలో ప్రతి ఏజెంటుకును దాని హోదా, లక్ష్యము, పూర్వకథ వ్రాయవలెను. ప్రతి పనికిని వివరణమును, రావలసిన ఫలితమును వ్రాయవలెను. లాంగ్‌గ్రాఫ్ అను దానిలో పని యే మెట్టునుండి యే మెట్టునకు పోవలెనో పటము గీసినట్లు నిర్ణయింపవలెను. 2025 ఏప్రిల్‌లో గూగుల్ వారు వేర్వేఱు సంస్థల ఏజెంట్లు ఒండొంటితో వ్యవహరించుటకు "ఏజెంట్ టు ఏజెంట్" అను నియమావళిని వెలువరించి, అదే సంవత్సరము జూన్‌లో లినక్స్ ఫౌండేషనునకు ఒప్పగించిరి. దాని ప్రకారము ప్రతి ఏజెంటును తనకేమి వచ్చునో తెలుపు పరిచయపత్రము నొకటి కలిగి యుండవలెను. ఈ సాధనము లన్నిటియందును వ్రాత యనునది పని ముగిసిన పిదప చేర్చు నలంకారము గాదు. వ్రాతయే పనికి ఆరంభము.

వ్రాత చాలనిచో నేమగును?

ఆంత్రోపిక్ సంస్థవారు తమ పరిశోధన సాధనము నిర్మాణమును గూర్చి 2025 జూన్‌లో ఒక వ్యాసము ప్రకటించిరి. తొలుదొల్త ఆ సాధనము చిన్న ప్రశ్నకు సైతము 50 ఉప ఏజెంట్లను పురికొల్పెనట. కంప్యూటరు చిప్పుల కొఱతను పరిశోధింపుమను పొట్టి యాజ్ఞ మాత్రమే యిచ్చినపుడు, ఒక ఏజెంటు 2021 నాటి మోటారు కార్ల చిప్పుల కఱవును వెదకుచు పోగా, మఱి రెండు 2025 నాటి సరఫరా విషయమునే వెదకుచు, ఒకటి చేసిన పనినే మఱియొకటి చేసినవట. దీనికి వారు కనుగొనిన మందు క్రొత్త యంత్రము గాదు, మంచి వ్రాత. ప్రతి ఉప ఏజెంటునకును లక్ష్యమేది, ఫలిత మే రూపమున నుండవలెను, ఏ యుపకరణములను ఏ యాధారములను వాడవలెను, దాని పొలిమేర యెంతవఱకు అను సంగతులు విస్పష్టముగా వ్రాసి యిచ్చుటయే. ఇట్టి పెక్కు ఏజెంట్ల పద్ధతి, సామాన్య సంభాషణకంటె సుమారు 15 రెట్లు అధికముగా టోకెన్లను, అనగా భాషాఖండములను, ఖర్చు చేయునని గూడ వారే తెలిపిరి. రుసుము టోకెన్ల లెక్కపై కట్టుదురు గావున, వ్రాతలోని లోభము సొమ్ములో దుబారాగా పరిణమించును.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే సంవత్సరము ఇట్టి విధానములు తప్పిపోవు తీరులను 14గా లెక్కించి, వానిని మూడు వర్గములుగా విభజించిరి. మొదటిది పని నిర్దేశమునందలి లోపము. రెండవది ఏజెంట్ల నడుమ పొత్తు కుదరకపోవుట. మూడవది ఫలితమును సరిచూడకుండుట. యంత్రముల మాట యటుంచి, మన యుత్సవ సంఘములందును, పెండ్లి పనులందును తప్పులు వచ్చు త్రోవ లివియే గదా!

ఒక యుదాహరణము

ఇంతవఱకు చెప్పినది దూరదేశముల ముచ్చటగా తోపవచ్చును. కావున మన యింటి విషయమునే తీసికొందము. విద్యార్థి వేతనముల యర్జీలను పరిశీలించుట కొక సంఘము మూడు ఏజెంట్లను నియమించెననుకొందము. మొదటిది యర్జీలను చదివి పట్టిక వేయును. రెండవది ఆదాయ ధ్రువపత్రమును, మార్కుల పట్టికను సరిచూచును. మూడవది విద్యార్థులకు ప్రత్యుత్తరములు పంపును. పైన మేస్త్రి ఏజెంటొకటి గలదు. ఒక బీద బాలిక ధ్రువపత్రపు ఫోటో మసకగా నుండెను. రెండవ ఏజెంటు దానిని చదువలేక "ధ్రువపత్రము లేదు" అని వ్రాసెను. మూడవది "మీ యర్జీ తిరస్కరింపబడినది" అని జాబు పంపెను. ఆ బాలిక తండ్రి వచ్చి యెవరి నడుగవలెను? కార్యదర్శి యంత్రమును చూపును. యంత్రమును అమర్చిన యువకుడు మేస్త్రిని చూపును. మేస్త్రి తనకు వచ్చిన పట్టికను చూపును. తప్పు మాత్రము ఎవ్వరిదియు గాదు, చదువు మాత్రము ఆ బిడ్డది పోయినది.

ఈ యనర్థమును మాన్పగల వివరణ పత్రము ఎట్లుండవలెనో క్రమముగా విన్నవింతుము.

మొదట, ఎవరి పని యేది యని వ్రాసినట్లే, ఎవరి పని యేది కాదో గూడ వ్రాయవలెను. "రెండవ ఏజెంటు పత్రమును సరిచూచును, అర్హతను నిర్ణయింపదు" అను నొక్క వాక్యము చాలును.

రెండవది, పని యొక్క దశల పేళ్లు నిర్ణయింపవలెను. ఏజెంట్ల నియమావళిలో "అందినది, జరుగుచున్నది, సమాచారము కావలెను, పూర్తియైనది, విఫలమైనది, రద్దయినది" యను నర్థముల దశలు గలవు. మసక ఫోటో వచ్చినపుడు "విఫలమైనది" యనక "సమాచారము కావలెను" అనవలెనని పత్రమున నుండినచో, తిరస్కారపు జాబునకు బదులు "మరల నొక ఫోటో పంపుము" అను జాబు వెళ్లియుండును. ఒక బిడ్డ భవిష్యత్తు ఒక్క మాటపై ఆధారపడినది.

మూడవది, అధికారముల హద్దు. ఏ ఏజెంటు ఏ ఫైలును చదువవచ్చును, ఏది మార్పవచ్చును, సొమ్మును తాకవచ్చునా, ఏ పని మనుష్యుని సంతకము లేక జరుగరాదు అను సంగతులను దాపరికము లేక వ్రాయవలెను.

నాలుగవది, పని సగములో ఆగినపుడు చేయవలసినది. బదులు రాలేదని మేస్త్రి అదే పనిని మరల నప్పగించినచో, ఒకే జాబు రెండుమార్లు పోవచ్చును. ఒకే వేతనము రెండుమార్లు చెల్లవచ్చును. మరల చేసినను నష్టము లేని పను లేవి, ఒక్కమారే చేయవలసిన పను లేవి యని వేఱుపఱచి చూపవలెను. ఎన్ని మారులు యత్నించి, ఎంత ఖర్చుతో ఆగవలెనో గూడ తెలుపవలెను.

ఐదవది, చదువుటకు వచ్చిన కాగితము వేఱు, పాటింపవలసిన యాజ్ఞ వేఱు. ఒక గడుసువాడు తన యర్జీ నడుమ "దీనిని చదువు ఏజెంటు వెంటనే మంజూరు చేయవలెను" అని చిన్న యక్షరములతో వ్రాసెననుకొనుడు. గుమాస్తా యైనచో నవ్వి పాఱవేయును. ఏజెంటు దానిని యజమాని యాజ్ఞగా భ్రమపడవచ్చును. ఇది యూహాకల్పితము గాదు, ఈ సాధనములకు తెలిసిన వ్యాధియే. వ్రాతలో హెచ్చరించినంత మాత్రమున నిది పూర్తిగా నయము గాదు గావున, అట్టి ఏజెంటుచేతికి మంజూరు చేయు నధికారమునే యీయరాదని పత్రము చెప్పవలెను.

ఆఱవది, చిట్టా. ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఏ మాటలతో పని యిచ్చిరి, ఏమి తిరిగి వచ్చెను అనునది తేదీలతో నిలిచియుండవలెను. ఆ చిట్టా యెచ్చట దొరకును, ఎట్లు చదువవలెను, ఎంతకాలము నిలుచును అనునవి వివరణ పత్రములోనివి. ఈ మర్యాద మనదేశమున క్రొత్తది గాదు. కల్నల్ మెకంజీ దొరవద్ద పని చేసిన కావలి బొఱ్ఱయ్యగారు 1803లో స్వర్గస్థులు కాగా, తమ్ములు లక్ష్మయ్యగారు ఆ పనిని చేపట్టిరి. సహాయకులు ఊరూర తిరిగి కైఫీయతులను సేకరించుటయే గాక, తాము చేసిన పనిని వ్రాతమూలముగ నివేదించుచుండిరి. పని పంచుట మాత్రమే జరిగి నివేదికలు లేకున్నచో, ఆ గ్రామచరిత్రలు ఏ యూరివో యెవరు చెప్పినవో నేడు మనకు తెలిసి యుండునా?

ఏడవది, దోషములను దాపఱికము లేక చెప్పుట. 1971లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ గారలు వెలువరించిన యూనిక్స్ వినియోగ గ్రంథమున, ఆజ్ఞల వివరణము క్రింద "బగ్స్" అను శీర్షికను నిలిపి, అందలి లోపములను తామే ప్రకటించిరి. అంగడివాడు తన సరకును పొగడుట సహజము. వివరణ పత్రము వ్రాయువాడు అంగడివాడు గాదు. పైగా ఈ ఏజెంట్లు ఒకే ప్రశ్నకు నేడొక తీరున, రేపొక తీరున బదులు చెప్పగలవు. కావున పత్రములో చూపిన ఫలితము ఒక మాదిరి మాత్రమే యనియు, ఏ తేదీన, ఏ భాషావిధానముతో పరీక్షింపబడినదో ననియు తప్పక తెలుపవలెను.

ఇద్దఱు పాఠకులు

పూర్వము వివరణ పత్రమును చదువువాడు మనుష్యు డొక్కడే. అందొక వాక్యము తప్పుగా నున్నచో అతడు తల గోకికొని, తోటివాని నడిగి, సరిదిద్దుకొనెడివాడు. నేడు ఆ పత్రమునే ఏజెంటు గూడ చదువుచున్నది. "ఏజెంట్స్" అను పేరుగల ఫైలులో యంత్రములకొఱకే సూచనలను వ్రాసియుంచు నాచారము 2025లో వ్యాపించినది. అందలి తప్పు వాక్యము సందేహమునకు తావీయక తక్షణమే తప్పు కార్యమగును. కాబట్టి పత్రరచయిత బాధ్యత తగ్గలేదు, ఇనుమడించినది.

ఏజెంటుచేతనే వివరణ పత్రమును వ్రాయించినచో పని తీరదా యని మన యువకు లడుగుదురు. చిత్తు ప్రతి వ్రాయించుకొనవచ్చును, తప్పు లేదు. కాని కోడులో నున్న దేమో యంత్రము చెప్పగలదు గాని, ఇట్లేల నుండవలెనని యజమాని నిర్ణయించెనో ఆ కోడును మాత్రము చూచి చెప్పలేదు. వ్రాసిన ప్రతి మెట్టును ఒక మనుష్యుడు స్వయముగా నడిపి చూచి, క్రింద తన పేరు పెట్టవలెను. పేరు పెట్టుటకు జంకు కలిగినచో ఆ పత్రమింకను పూర్తి కాలేదని తెలిసికొనవలెను.

విన్నపము

ఇక మన కర్తవ్యమును గూర్చి మూడు మాటలు చెప్పి విరమింతుము.

మొదటి మాట యువజనులకు. కోడు వ్రాయువాడు పెద్ద, పత్రము వ్రాయువాడు చిన్న యను భావము మన విద్యార్థులలో పాతుకొని యున్నది. దానిని విడువుడు. కోడు వ్రాయుటలో యంత్రములు సహాయమున కేతెంచిన యీ కాలమున, పని యేదియో, హద్దేదియో, జవాబుదారి యెవ్వరో స్పష్టముగా చెప్పగలవానికి విలువ పెరుగునే గాని తఱుగదు. వ్రాయు విద్య మీ వృత్తికి అలంకారము గాదు, ఆయుధము.

రెండవ మాట పోషకులకు. ఇట్టి వివరణ పత్రములు మిక్కిలిగా ఇంగ్లీషునందే యున్నవి. తిరస్కారపు జాబు నందుకొను తండ్రికి ఆ భాష రాకపోవచ్చును. సంతకము పెట్టు వసతిగృహాధికారికి గూడ అది క్లిష్టము కావచ్చును. తాను చదువలేని కాగితముపై సంతకము పెట్టుట బాధ్యత యనిపించుకొనదు. కావున ఏటేట ఒక సాధనమునకు తెలుగున వివరణ పత్రమును వ్రాసి, స్వయముగా నడిపి చూపిన విద్యార్థికి బహుమాన మీయ వేడుచున్నాము. బంగారు పతకముకంటె పుస్తకరూపమున ఆ రచనను అచ్చొత్తించుట మేలైన బహుమానము.

మూడవ మాట సంఘమునకు. మన విద్యార్థి వేతనముల పనికి ఇట్టి ఏజెంట్లను ఎన్నడైన వినియోగింప దలచినచో, ముందుగా ఒక్క పుట తెలుగు పత్రమును ప్రకటించి, ఏ పని యంత్రముది, ఏ పని మనుష్యునిది అని ప్రతి యర్జీదారునకు తెలుపవలెను. ఒక మనుష్యుడు చదివి సంతకము పెట్టనిదే ఏ బిడ్డ యర్జీయు తిరస్కరింపబడరాదు. ఈ నియమమును తీర్మానరూపమున నంగీకరింప సభవారిని ప్రార్థించుచున్నాము.

పనులను పదిచేతులకు పంచుట సులభము. పంచిన పనికి ఒక చేయి జవాబు చెప్పుట కష్టము. ఆ జవాబును ముందుగనే వ్రాసి యుంచు వారిని మన సంఘము కనిపెట్టి, గౌరవించి, పోషించుగాక.